కంపెనీ గుండ్లు

చిట్కుల్‌లో ఎవరి మొగుడు పాశమైలారం మందుల కంపెనీలో ఇరవై ఏళ్లు నిండా పనిచేశాడో తెలుసుకోవాలంటే ఎవరినీ అడగనక్కర్లేదు, ఆవిడ మెడలోకి చూస్తే చాలు. పుస్తెలకు అటొకటి ఇటొకటి శనగగింజంత బంగారు గుండ్లుంటాయి. ఊరంతా వాటిని కంపెనీ గుండ్లంటారు. ఏటా ఫిబ్రవరిలో కంపెనీ పుట్టినరోజు జరుపుతారు. ఆ రోజు ఇరవై ఏళ్లు నిండినవాళ్లను భార్యలతో సహా వేదిక మీదికి పిలిచి, అరతులం బంగారు బిళ్ల ఆడమనిషి చేతిలో పెడతారు. ఆ బిళ్లను బిళ్లగానే దాచుకున్న ఇల్లాలు ఇంతవరకు లేదు. మర్నాడు పొద్దున్నే ఇస్నాపూర్‌లో అవుసుల మల్లన్న కొలిమి ముందు కూర్చుని, రెండు గుండ్లు చేయించి, తాడుకు గుచ్చుకుని గాని ఇంటికి రాదు. పుస్తెలు పెద్దవాళ్లు చేయించినవి. ఈ రెండు గుండ్లు మాత్రం మొగుడి చెమట. అందుకే వాటికి ఆ మర్యాద.

రాజవ్వ కార్తీకంలో పసుపుతాడు మార్చుకున్నప్పుడే పుస్తెలకు అటూ ఇటూ కొంచెం జాగా వదిలి, అది చెదరకుండా ముడులు వేసుకుంది. చూసి పోచయ్య నవ్వాడు.

"గిదేందే, బస్సుల తువాలేసి సీటు ఆపినట్టు."

"ఇరవై ఏండ్లు నిలవడి వస్తిమి. ఇగ కూసుండొద్దా?" అంది రాజవ్వ ముడి బిగిస్తూ.

పోచయ్య ఫిట్టరు. మందు కాచే రియాక్టర్ల పైపులు కారితే, అతుకు దగ్గరి ఫ్లాంజి చక్రం విప్పి, నడుమ ఉండే పాత గ్యాస్కెట్టు రేకు గీకేసి, కొత్తది కోసి బిగించడం అతని పని. టోకెన్ నంబరు అరవై నాలుగు. ఎనభై ఐదులో రెండో బ్లాకు మొదలుపెట్టినప్పుడు ఒకే రోజున చేరిన ఏడుగురిలో ఒకడు. ఈ ఏడు, అంటే రెండువేల ఐదులో, వేదిక ఎక్కాల్సింది ఆ ఏడుగురే.

శనివారం సాయంత్రం ఆఫీసు ముందు షామియానా వేశారు. మందుల వాసన మీద మల్లెపూల వాసన, దాని మీద సమోసాల వాసన. వేదిక ఎక్కే మెట్ల దగ్గర ఒక బల్ల, బల్ల వెనక కోటు వేసుకున్న ఒక పిల్ల. బ్యాంకు తరఫున వచ్చిందట, పేరు వీరలక్ష్మి. నవ్వు మొహంతో "ఇక్కడండీ, ఇక్కడ కూడా అండీ" అంటూ ఏడుగురి చేతా ఇంగ్లీషు కాగితాల మీద సంతకాలు పెట్టించింది. ఏటా బిళ్ల ముట్టినట్టు సంతకం పెట్టించేదే కదా అని పోచయ్య తన పేరు తెలుగులో, గుండ్రంగా, తొందర లేకుండా రాశాడు.

"పోచయ్యగారూ, శ్రీమతి రాజవ్వగారూ, రండి" అని పర్సనెల్ మేనేజరు మైకులో పిలిచాడు. మామూలు రోజుల్లో ఆయన నోట "అరవై నాలుగూ, ఇటు రా" తప్ప మరో మాట వినపడదు. రాజవ్వ రెండు చేతులతో కొంగు పట్టి ముందుకు వంగింది. మేనేజరు ఆ కొంగులో నీలం మఖమలు డబ్బీ ఒకటి పెట్టాడు. ఫోటో తీశారు.

కుర్చీలో కూర్చున్నాక రాజవ్వ డబ్బీని అరచేతిలో పెట్టుకుని కాస్త ఎత్తి చూసింది. మొగుడి వైపు తిరిగి "అలుకగున్నది" అంది.

లోపల బంగారం లేదు. ముదురు నీలం రంగు ప్లాస్టిక్ కార్డు ఉంది. పైన వెండిరంగు కిరీటం, కింద ఉబ్బెత్తు ఇంగ్లీషు అక్షరాలు. పోచయ్య వాటి మీద బొటనవేలు ఆనించి తడిమాడు. ఫ్లాంజి మీద కొట్టిన నంబర్లు చీకట్లో కూడా వేలితో చదివే మనిషికి తన పేరు పోల్చుకోవడం కష్టం కాలేదు.

మేనేజరు మైకు ముందు అరగంట మాట్లాడాడు. దీని పేరు ఇంపీరియల్ కార్డు. ఇంతవరకు పెద్ద ఆఫీసర్లకే ఉంది. ఇది చూపిస్తే ఎయిర్‌పోర్టులో ప్రత్యేకమైన గదిలో మెత్తటి సోఫాలు, ఊరికే కాఫీ. పెద్ద పెద్ద హోటళ్లలో బిల్లు మీద తగ్గింపు. ఊరి బయట గోల్ఫు ఆడుకునే చోట ప్రవేశం. బంగారం బీరువాలో పడి ఉంటుంది, గౌరవం జేబులో ఉంటుంది, యాజమాన్యం ఈ ఏడాది కార్మిక సోదరులకు గౌరవాన్నే ఇస్తోంది. ఇలా సాగింది ఆయన ధోరణి. ఆఫీసర్లు చప్పట్లు కొట్టారు. ఆఫీసర్లు కొట్టారు కదా అని మిగతావాళ్లూ కొట్టారు.

"గోల్ఫు అంటె ఏందిరా?" అని పక్క కుర్చీలోంచి సత్తయ్య అడిగాడు. అతను ఆ ఏడుగురిలో రెండోవాడు, బాయిలరు మనిషి.

"గోలీలాట లెక్కనే. కట్టెతోని కొడుతరు" అన్నాడు పోచయ్య.

నిజం చెప్పుకోవాలి. పోచయ్యకు ఆ సాయంత్రం కోపం రాలేదు. ఆశ పడ్డది దక్కలేదని కాస్త చిన్నబోయాడు గానీ, ఆఫీసర్ల జేబులో ఉండేది తన జేబులోకి వచ్చిందన్న సంబరం ఆ చిన్నతనాన్ని మింగేసింది. ఇంటికి పోతూ ఇస్నాపూర్ చౌరస్తాలో చాయ్ తాగి, ఏమీ ఎరగనట్టు కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. ఇద్దరు ముగ్గురు ముట్టుకుని చూశారు. పోచయ్య దాన్ని అంగీజేబులో పెట్టుకున్నాడు, కిరీటం పైకి కనపడేటట్టు. రాజవ్వ దారి పొడుగునా ఖాళీ డబ్బీ పట్టుకుని ఉంది.

ఆదివారం పొద్దున పాలకేంద్రం దగ్గర ఆ సంబరానికి మొదటి దెబ్బ తగిలింది. రాజవ్వకు రెండు బర్రెలు. సెలవు దినాల్లో పాలక్యాను పోచయ్యే మోస్తాడు. వరుసలో దేవమ్మ ముందుంది. ఆమె మొగుడు ఎల్లయ్యకు రెండేళ్ల కిందటే ఇరవై ఏళ్లు నిండాయి. దేవమ్మ గుండ్లు ఎండ పడితే మెరుస్తాయి, ఎండ పడేటట్టే నిలబడుతుంది ఆమె కూడా.

"ఏదే రాజవ్వా, సూడనియ్యి. మల్లన్న మంచిగ చేసిండా?"

రాజవ్వ చెయ్యి కొంగు మీదికి పోయింది. మెడ చుట్టూ తిప్పి భుజం మీద వేసుకుంది. ఫిబ్రవరి చలి పోయి వారమైంది, కప్పుకోవాల్సినంత చలి ఎవరికీ లేదు.

"మల్లన్న ఊర్లె లేడక్కా. బుధారం రమ్మన్నడు."

పెళ్లయిన ఇరవై రెండేళ్లలో తన పెళ్లాం అబద్ధం ఆడగా పోచయ్య వినలేదు. పాల క్యానుకు మూత పెట్టబోయి రెండుసార్లు తప్పుగా పెట్టాడు. జేబులో కార్డు అంచు రొమ్ముకు గుచ్చుకున్నట్టనిపించింది. ఎవరూ చూడకుండా లోపలికి తోశాడు.

ఇంటికొచ్చాక తనే అన్నాడు. "కార్డుతోని గుండ్లు కొనొచ్చట. ఇప్పుడు గీకిపిస్తె, ఎనుక నెల నెల కట్టుకోవచ్చట. పటాన్‌చెరు పోదాం పా."

"అంటే అప్పు."

"అప్పంటె అప్పు గాదు. ఆఫీసర్లు గిట్లనే కొంటరు."

"కంపెనీ గుండ్లు మన పైసల్తోని మనం కొంటె, గవి కంపెనీ గుండ్లెట్లయితయి?"

రాజవ్వ కాసేపు పొయ్యి ముందు కూర్చుని, లేచి మంచి చీర కట్టుకుంది. పొద్దున కప్పుకున్న కొంగు ఆమెకే సిగ్గనిపించింది కాబోలు. బుధవారం దాకా గడువు తనే పెట్టుకుంది మరి.

పటాన్‌చెరు మెయిన్ రోడ్డు మీద ఆ కొత్త నగల దుకాణం అద్దాల తలుపును ఏ వైపు తొయ్యాలో పోచయ్యకు తెలియలేదు. కాపలావాడు తలుపు తీశాడు గానీ, ముందు వాళ్ల చెప్పుల వంక చూసి ఆ తర్వాత తీశాడు. లోపల చల్లగా ఉంది. అమ్మకందారు కుర్రాడు మంచివాడు, నాలుగు జతలు తీసి పరిచాడు. రాజవ్వ ఒక జత ఎత్తి, అద్దం ముందు నిలబడి, తాడుకు వదిలిన జాగాలో అటొకటి ఇటొకటి ఆనించుకుంది. సరిగ్గా పట్టాయి. అద్దంలో మొగుణ్ని చూసి ఆ రెండు రోజుల్లో మొదటిసారి నవ్వింది.

పోచయ్య కార్డు తీసి గల్లా దగ్గర ఇచ్చాడు.

గల్లా మీద కూర్చున్నవాడు కార్డును ముందు వైపు చూశాడు, వెనక వైపు చూశాడు. తర్వాత పోచయ్య చెయ్యి చూశాడు. ఇరవై ఏళ్ల గ్రీజు గోళ్ల కింద నల్లటి గీతలై ఉండిపోయింది, ఏ సబ్బుకూ పోదది.

"ఎవరిదన్నా ఇది?"

"నాదే."

"నీదా? ఏడ దొరికింది?"

"దొరుకుడేంది, మా కంపెనీ ఇచ్చింది. గా పేరు నాదే."

వాడు "ఒక్క నిమిషం" అని ఫోను తిప్పాడు. హిందీలో, ఇంగ్లీషులో ఏదో మాట్లాడి, రిసీవరు చేత్తో మూసి అడిగాడు. "పుట్టిన తారీఖు అడుగుతుండ్రు."

పోచయ్య తడుముకున్నాడు. చెరువు కట్ట తెగిన ఏడు, నాట్లప్పుడు పుట్టావని తల్లి చెప్పేది. బ్యాంకుకు చెరువు కట్టతో పనేముంది? బడిలో పంతులు అందరికీ వేసిన తారీఖు గుర్తొచ్చింది. "జూలై ఒకటి. అరవై."

వాడు ఫోనులో చెప్పి, విని, తల అడ్డంగా ఊపాడు. "కాదంటుండ్రు. ఇంకొక్కసారి చెప్పు."

"గదే. ఇంకేముంటది?"

వాడు ఫోను పెట్టేశాడు. గొంతు మారింది. "కార్డు బందు చేసిండ్రు. దీన్ని మా దగ్గెర పెట్టుకుని పోలీసోళ్లకు చెప్పుమంటరు రూలు ప్రకారం. నువ్వు ఏ ఆఫీసరు ఇంట్ల పని చేస్తవో నిజం చెప్పు."

దుకాణంలో నలుగురైదుగురు తిరిగి చూశారు. కాపలావాడు రెండడుగులు దగ్గరికి వచ్చాడు. ఇరవై ఏళ్లలో ఒక్క స్పానరు ఇంటికి తీసుకుపోయి ఎరగని మనిషి. గేటు దగ్గర రోజూ ఒళ్లు తడిమించుకుంటూ కూడా దొంగనని అనిపించుకోలేదు. ఇవాళ పెళ్లాం ముందు, చల్లగాలి కింద, గౌరవం కార్డు ఇచ్చిన గౌరవం ఇది.

రాజవ్వ చేతిలోని గుండ్లను మఖమలు పళ్లెంలో ఒకదాని పక్కన ఒకటి, దొర్లకుండా పెట్టింది. గల్లా దగ్గరికి వచ్చి వాడి వేళ్ల మధ్యనుంచి కార్డు లాక్కుంది.

"ఆయన పేరు గీ కార్డు మీద ఉన్నది. ఆయన నీ ముంగటనే నిలవడ్డడు. నిలవడ్డ మనిషిని ఇడిసిపెట్టి ఫోన్ల మనిషిని అడుగుతవేంది బిడ్డా?" అంది. గొంతు ఎత్తలేదు. మొగుడి మోచెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

బస్సులో ఇద్దరికీ సీటు దొరికింది. పోచయ్య తన చేతులు తొడల మధ్య దాచుకుని కూర్చున్నాడు. చిట్కుల్ దాకా తియ్యలేదు.

సోమవారం గంట ముందే గేటుకు వచ్చాడు. గేటు లోపల టైమాఫీసు గోడకు పొడుగాటి చెక్క బోర్డు, దాని మీద నంబర్ల వారీగా మేకులు. వచ్చినవాడు తన ఇత్తడి టోకెను తన మేకుకు తగిలించాలి, షిఫ్టు దిగేటప్పుడు తీసుకోవాలి. నడుమ ఎవరూ దాన్ని ముట్టడానికి వీల్లేదు. ఒకడి బదులు ఇంకొకడు టోకెన్లు వేసి తీసి మోసం చేస్తున్నారని మేనేజరు నాలుగేళ్ల కింద పెట్టించిన రూలది. బోర్డు మీద తగిలించిన దేన్నీ షిఫ్టు కూత పడేదాకా ఎవరూ తాకరాదు అని ఎర్ర అక్షరాల్లో రాయించి కూడా పెట్టారు. జారిన టోకెను సరిచేశాడని ఒకడికి సగం రోజు జీతం కోసిన సంగతి అందరికీ గుర్తుంది.

టైమాఫీసు గుమాస్తా వెంకటరామయ్య. ఏలూరు వైపు నుంచి కంపెనీ తెరిచిన కొత్తలో వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. పోచయ్య కార్డుతోపాటు డబ్బీలోని కాగితాలన్నీ ఆయన ముందు పెట్టి, దుకాణంలో జరిగింది చెప్పాడు.

"సారు, గిండ్ల ఏమున్నదో జెర సదివి చెప్పుండ్రి. నా పుట్టిన తారీఖు ఎందుకు తప్పయిందో గూడ చెప్పుండ్రి."

వెంకటరామయ్య కళ్లద్దాలు తీసి తుడిచాడు. పెట్టుకోకుండానే మాట్లాడాడు.

"తారీఖు సంగతి నాకు తెలుసయ్యా. రిజిస్టర్లో రాసింది నేనే. మీ ఏడుగురూ చేరిననాడు ఎవరి దగ్గరా సర్టిఫికెట్లు లేవు. వయసు అడిగి, ఏడాది లెక్కగట్టి, తేదీ మాత్రం చేరిన రోజే వేసేశాను. ఫిబ్రవరి నాలుగు. రిజిస్టరు ప్రకారం మీరు ఏడుగురూ ఒకే రోజు పుట్టారు."

"అంటె కంపెనీల చేరిన దినమే పుట్టిన్నా సారు నేను?"

"కాగితం మీద అంతే. అప్పట్లో అది తప్పనిపించలేదు. నిన్న నిన్ను దొంగ అనిపిస్తుందని నాకేం తెలుసు?" ఆయన కళ్లద్దాలు పెట్టుకున్నాడు. "ఇంకోటి కూడా ఉంది, కూర్చో. మొదటి ఏడాది దీనికి రుసుం లేదు. రెండో ఏడాది నుంచి ఏటా ఐదువేలు. నీ జీతంలోంచి కోసి బ్యాంకుకు కట్టమని నువ్వే సంతకం పెట్టావు శనివారం. టైపు కొట్టింది నేనే. ఎవరికీ చెప్పొద్దన్నారు, నోరు మూసుకున్నాను."

పోచయ్య మనసులో లెక్క కట్టాడు. అరతులం బంగారం ఇవాళ మూడున్నర వేలు. అది ఇరవై ఏళ్లకొక్కసారి ఇచ్చేది. ఇది ఏటేటా ఐదువేలు పట్టుకుపోయేది. ఇచ్చినట్టు ఫోటో తీసి గుంజుకోవడం అంటే ఇదే. విమానం ఎక్కని మనిషికి విమానాల దగ్గర సోఫా అమ్మి, ఆ సోఫాకు కిరాయి వాడి కూలిలోంచి కోసుకునే తెలివి దొంగలకు కూడా ఉండదు.

"దీన్ని ఇడిపిచ్చుకునే తొవ్వ లేదా?"

"పదిహేను రోజుల్లోపల, మళ్లీ పనికిరాకుండా చేసి వెనక్కిచ్చేస్తే అంతా రద్దు. చీమ తలకాయంత అక్షరాల్లో చివర రాశారు."

కార్డుల పని మీద ఆ రోజు పెందలాడే వచ్చిన మేనేజరు అప్పుడే లోపలికి వచ్చాడు. విషయం విని, కారు తాళాలు వేలికి తిప్పుతూ నవ్వాడు.

"ఏం అరవై నాలుగూ, గౌరవం బరువైందా? ఇచ్చెయ్యి, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఒకటి గుర్తుపెట్టుకో. ఇరవై ఏళ్ల బహుమతి ముట్టినట్టు సంతకం పెట్టావు. ఇది వెనక్కిస్తే దీని బదులు ఇంకేమీ రాదు. బంగారం పద్ధతి ఎత్తేశాం. రేపు గేటు దగ్గరే బల్ల వేయిస్తున్నాను, పర్మనెంటు వాళ్లందరూ ఈ కార్డే తీసుకుంటారు. ముందు తీసుకున్న ఏడుగురిలో నువ్వే వెనకడుగేస్తే వాళ్లేమనుకుంటారు?"

పోచయ్య కాగితాలు తీసుకుని బయటికి వచ్చాడు. క్యాంటీను పక్కన నీడలో వీరలక్ష్మి మర్నాటి ఫారాల కట్టలు సర్దుకుంటోంది. పక్కన సెకండ్‌హ్యాండు స్కూటీ, హ్యాండిలుకు టిఫిను సంచి. పోచయ్య ఆగాడు.

"బిడ్డా, ఒక మాట అడుగుత. గీ కార్డు నీ దగ్గెర ఉన్నదా?"

ఆ పిల్ల నవ్వబోయి మానుకుంది. "నాకివ్వరండి. నా జీతం చాలదు."

"జీతం ఉంటె తీసుకుంటువా?"

వీరలక్ష్మి అటూ ఇటూ చూసింది. "నెలకు రెండుసార్లు విమానం ఎక్కేవాళ్లకు, పెద్ద హోటళ్లలో భోంచేసేవాళ్లకు ఐదువేలు కట్టినా అంతకంత కలిసొస్తుందండి. అబద్ధం కాదు. మీకు మాత్రం..." అంటూ ఫారాలు గుండెకు హత్తుకుంది. "మీకు ఎందుకిస్తున్నారో నాకూ తెలీదండి. కార్డుకింత అని మాకిస్తారు. ఈ నెల యాభై కార్డులు కాకపోతే నన్ను మానిపిస్తారు."

పోచయ్యకు ఆ పిల్ల మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. మధ్యాహ్నం అన్నాల దగ్గర మిగతా ఆరుగురికీ అంతా చెప్పాడు. సత్తయ్య కార్డును దేవుడి పటం ముందు పెట్టి, పసుపుకుంకుమలు కూడా వేశాడట.

"నేను గూడ ఫిబ్రవరి నాలుగే పుట్టిన్నా?" అని అడిగాడు.

"మనం ఏడుగురం ఒక్క కాన్పే" అన్నాడు పోచయ్య. ఏడుగురూ నవ్వారు. నవ్వు ఆగాక ఎవరికీ అన్నం లోపలికి పోలేదు.

ఆ సాయంత్రం పోచయ్య రాజవ్వ ముందు ఉన్నదున్నట్టు చెప్పాడు. కార్డు ఉంచుకుంటే ఏటా ఐదువేలు పోతాయి. వెనక్కిస్తే ఇరవై ఏళ్లకు ఇంట్లోకి ఏదీ రాదు. గుండ్లు ఇక రావు.

రాజవ్వ బర్రె పొదుగు కడుగుతోంది. చెయ్యి ఆపలేదు.

"ఒద్దులే, నువ్వు ఫికరు జెయ్యకు" అన్నాడు పోచయ్య. "ఉంచుకుందాం. ఓటీలు చేసి ఐదువేలు ఎల్లదీస్త. ఏదో ఒకటి ఇచ్చిండ్రన్న పేరన్న ఉంటది నీకు."

"నిన్న దుకాన్ల నిన్ను వాడు అన్న మాట నేను ఇన్న" అంది రాజవ్వ. "గది ఇంట్ల ఉంటె, కంట పడ్డప్పుడల్ల గా మాటే ఇనవడతది. దాన్కి ఏటేటా పైసలు గట్టి మరీ ఇనాల్నా?"

"మరి గుండ్లు?"

రాజవ్వ పాలచెంబు పక్కన పెట్టి తాడు చేత్తో పట్టుకుంది. ముడులు విప్పుతుందేమో, జాగా మూసేస్తుందేమో అనుకున్నాడు పోచయ్య. ఆమె ముడుల్ని ఇంకాస్త బిగించింది.

"జాగ గట్లనే ఉండనియ్యి" అంది.

మంగళవారం షిఫ్టు మొదలుకాక ముందే ఏడుగురూ కార్డులు వెనక్కిచ్చేద్దామని వర్క్‌షాపులో కలిశారు. గ్యాస్కెట్లు కోసే సీసం దిమ్మ మీద పోచయ్య కార్డు పెట్టాడు. బోల్టు రంధ్రాలు కొట్టే పంచి తీసి, మొనకు కొంచెం గ్రీజు రాసి, తన పేరు మీద పడకుండా చూసుకుని, కిరీటం నడుమ ఆనించాడు. సుత్తితో ఒక్క దెబ్బ. గ్యాస్కెట్టు షీటు అయితే రెండు దెబ్బలు పడుతుంది, ఇది అంత గట్టిది కాదు. చిన్న నీలం బిళ్ల రాలి దిమ్మ మీద పడింది. సత్తయ్య తన కార్డు మీది కుంకుమ అంగీకి తుడిచి అందించాడు. ఏడు దెబ్బలకు ఏడు బిళ్లలు రాలాయి.

టైమాఫీసు ముందు వరుస కట్టి ఎవరి మేకు దగ్గరికి వాళ్లు పోయారు. ముందు ఇత్తడి టోకెను, దాని మీద బొక్క పడ్డ కార్డు తగిలించారు. వెంకటరామయ్య కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. హాజరు పుస్తకంలో ఏడు నంబర్లకూ టిక్కు పెట్టాడు.

జనరల్ షిఫ్టుకు మూడువందల మంది ఆ బోర్డు ముందు నుంచే లోపలికి పోవాలి. ప్రతి ఒక్కడూ టోకెను తగిలించే ముందు ఆ కిరీటాల వంక చూశాడు. ఏందన్నా ఇది అని అడిగినవాడికి వెనకవాడు చెప్పాడు, ఏటా ఐదువేలట, జీతంలోంచేనట అని. నాలుగడుగుల అవతల వీరలక్ష్మి బల్ల వేసుకుని కలాలు పేర్చుకుని కూర్చుంది. అందరూ ఆమెకు నమస్తే చెప్పారు. కలం మాత్రం ఒక్కరూ ముట్టుకోలేదు.

పదిగంటలకు మేనేజరు కారు దిగాడు. బోర్డు చూసి మొహం కందగడ్డ అయింది.

"ఎవడు పెట్టాడివి? తియ్యండి."

వెంకటరామయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నిలబడి మర్యాదగానే చెప్పాడు. "బోర్డు మీద తగిలించినవి కూత పడేదాకా ముట్టుకోకూడదండి. మీరు పెట్టిన రూలే. ఒకడికి సగం రోజు జీతం కూడా కోశాం."

మేనేజరు ఎర్ర అక్షరాల వంక చూశాడు. చుట్టూ నిలబడ్డ డ్రైవర్లను, సెక్యూరిటీ వాళ్లను చూశాడు. చెయ్యి సగం దాకా లేచి కిందికి దిగింది. ఆయన లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. కార్డులు సాయంత్రం దాకా బోర్డు మీదనే ఊగాయి.

కూత పడ్డాక పోచయ్య తన టోకెను తీసుకుని, కార్డు వీరలక్ష్మి బల్ల మీద పెట్టాడు. వెనకే మిగతా ఆరుగురూ పెట్టారు. ఆమె పోచయ్యది ఎత్తి వెలుతురుకు పట్టి చూసింది. బొక్కలోంచి ఎండ ఆమె చెంప మీద పడింది. "పనికిరాదండి ఇక" అని, తిరిగి తీసుకున్నట్టు ఏడుగురికీ సంతకం పెట్టి చీటీ రాసిచ్చింది. నింపని ఫారాల కట్ట సంచిలో పెట్టుకుని స్కూటీ తీసింది. యాభై కార్డుల సంగతి పోచయ్యకు గుర్తొచ్చింది. "బిడ్డా, చాయ్ తాగి పోరాదు" అన్నాడు. ఆమె తల ఊపి, తాగకుండానే వెళ్లిపోయింది.

బంగారం ఊసు కంపెనీలో ఎవరూ ఎత్తలేదు. ఎత్తుతారని పోచయ్య అనుకోలేదు కూడా.

బుధవారం అతనికి రెండో షిఫ్టు, పొద్దున తీరిక. పాలక్యాను ఎత్తుకుని రాజవ్వ వెనక నడిచాడు. రాజవ్వ కొంగు నడుముకు దోపుకుంది. మెడ బోసిగా కనిపిస్తోంది, పుస్తెలకు అటూ ఇటూ ఖాళీ జాగా, చివర బిగించిన ముడులు. కార్డుల సంగతి అప్పటికే ఊరంతా పాకింది. మల్లన్న ఊరొచ్చాడా అని ఎవరూ అడగలేదు.

దేవమ్మ వరుసలో ఉంది. రాజవ్వ దగ్గరికి రావడం చూసి, ఎండకు ఎదురుగా నిలబడ్డ మనిషి కాస్త పక్కకు తిరిగింది. కొంగు లాక్కుని మెడ చుట్టూ కప్పుకుంది. ఏదో తనే తప్పు చేసినట్టు తల వంచుకుని పాలచెంబు వైపు చూస్తోంది.

రాజవ్వ క్యాను దింపించి, దేవమ్మ దగ్గరికి పోయింది. ఆ కొంగును రెండు వేళ్లతో పట్టుకుని, మెల్లగా భుజం మీది నుంచి తీసేసింది. ఎండ పడి గుండ్లు మెరిశాయి.

"కప్పుకోకక్కా" అంది రాజవ్వ. "నీ మెడల ఉన్నది కండ్లవడితెనే గదా, కంపెనోళ్లు ఇయ్యక నా మెడల లేనిది నలుగురికి కానొచ్చేది."